ఒప్పందం తప్పిన ఫ్రాంచైజీ: ముందు బోర్డు, తరువాత బాకీ

చిన్న దుకాణంగా మొదలై, పేరు తెచ్చుకుని, ఆ పేరును ఫ్రాంచైజీలుగా ఇస్తున్న టీ, టిఫిన్, బిర్యానీ వ్యాపారులు హైదరాబాదులో ఇప్పుడు చాలామంది ఉన్నారు. ఎక్కడైనా ఫ్రాంచైజీదారు ఒప్పందం తప్పితే, న్యాయవాదినైన నన్ను వారు మొదట అడిగేది రాయల్టీ (పేరు వాడుకున్నందుకు చెల్లించాల్సిన రుసుము) బాకీ ఎలా వసూలు చేయాలని. అంతకన్నా ముందు, ఆ దుకాణం మీది నుంచి తమ బోర్డు ఎంత త్వరగా దింపించగలమని అడగాలని నేను గట్టిగా నమ్ముతాను. బాకీ ఆలస్యమైనా వడ్డీతో అడగవచ్చు గానీ, ఆ బోర్డు కింద రోజూ నాసిరకం సరుకు అమ్ముడుపోతుంటే దెబ్బతినేది మిగిలిన దుకాణాలన్నిటి పేరు.

మన దేశంలో ఫ్రాంచైజీలకు ప్రత్యేక చట్టం లేదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం, 1999 నాటి ట్రేడ్ మార్కుల చట్టం వంటివే ఆధారం కాబట్టి, ఒప్పంద పత్రంలో ఏం రాసుకున్నారన్నది చాలా ముఖ్యం. అమ్మకాలు తక్కువ చూపినా, బయటి మసాలా వాడినా, తప్పు సరిదిద్దుకోవడానికి పత్రంలో గడువు ఉంటే ఆ గడువుతో నోటీసు ఇచ్చిన తరువాతే రద్దు చేయాలి. కోపంతో సరుకు ఆపేసిన యజమాని తానే ఒప్పందం తప్పినవాడయ్యే ప్రమాదముంది. ఇంజంక్షన్ (ఫలానా పని చేయవద్దనే కోర్టు ఉత్తర్వు) కోరేవారి నడవడిని కూడా కోర్టు చూస్తుందని 1995లో గుజరాత్ బాట్లింగ్, కోకా కోలా కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది.

ఒప్పందం నడుస్తున్నంతకాలం పోటీ సరుకు జోలికి పోరాదన్న షరతు సాధారణంగా చెల్లుతుందన్నదీ ఆ తీర్పే. ఒప్పందం ముగిసిన తరువాత కూడా రెండేళ్లపాటు అదే వ్యాపారం చేయరాదన్న షరతు మాత్రం కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ ముందు సాధారణంగా నిలవదు. యజమానులు ఎక్కువగా ఆశలు పెట్టుకునేది దీనిమీదే కావడం నాకు బాధ కలిగిస్తుంది. పాత ఫ్రాంచైజీదారు అదే వీధిలో టీ అమ్ముకోవచ్చు. మన పేరుతో, మన లోగోతో అమ్మకూడదు. అమ్మితే, ట్రేడ్ మార్కు నమోదై ఉన్న యజమాని ఇంజంక్షన్‌తోపాటు నష్టపరిహారం గానీ ఆ పేరుతో సంపాదించిన లాభాల లెక్క తేల్చి ఇప్పించమని గానీ కోరవచ్చు. నమోదు లేకపోయినా దావా వేయవచ్చు, అయితే రుజువు భారం చాలా ఎక్కువ. అందుకే మొదటి ఫ్రాంచైజీ ఇవ్వకముందే పేరు నమోదు చేయించుకోండి.

పత్రంలో ఆర్బిట్రేషన్ (కోర్టుకు బదులు మధ్యవర్తి తీర్పుకు వెళ్లడం) షరతు ఉంటే 1996 నాటి ఆర్బిట్రేషన్ చట్టం 9వ సెక్షన్ కింద కోర్టు నుంచి మధ్యంతర ఉత్తర్వు తెచ్చుకోవచ్చు. ఆ తరువాత 90 రోజుల్లో ఆర్బిట్రేషన్ మొదలుపెట్టాలి. షరతు లేకపోతే, వివాదం విలువ 3 లక్షల రూపాయలకు తగ్గనప్పుడు, కమర్షియల్ కోర్టుకు వెళ్లాలి. అక్కడ దావాకు ముందు మీడియేషన్ (రాజీ ప్రయత్నం) తప్పనిసరి అయినా, అత్యవసర మధ్యంతర ఉత్తర్వు కోరే కేసుకు ఆ నియమం వర్తించదు.

ఇక డబ్బు సంగతి. ఒప్పందం తప్పితే 10 లక్షలు కట్టాలని రాసుకున్నంత మాత్రాన ఆ మొత్తం చేతికి రాదు. కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం అది గరిష్ఠ పరిమితి మాత్రమే; దానికి లోబడి సమంజసమైన పరిహారాన్నే కోర్టు ఇప్పిస్తుంది. అసలు నష్టమే లేకపోతే పరిహారమూ ఉండదని 2015లో కైలాష్ నాథ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి నష్టాన్ని రుజువు చేసుకునే వీలుండేలా, ప్రతి దుకాణం బిల్లింగ్ లెక్కలూ ఏ రోజుకారోజు యజమాని కంప్యూటరుకు చేరాలన్న షరతును సంతకాల నాడే పత్రంలో చేర్చుకోవాలి.