లేకుంటే ఏం చెడిపోతాది?

1990ల రెండో సగంలో మనం తిరుపతిలో కంప్యూటర్ డిప్లొమా చదివేనాటికి దేశంలో సామాన్యులకు ఇంటర్నెట్ అందుబాటులోకి వచ్చి ఎంతో కాలం కాలేదు. విదేశ్ సంచార్ నిగమ్ ఆ సేవను 1995 ఆగస్టు 15న మొదలుపెట్టింది. మన ప్రయోగశాలలో అది పాఠంలో ఉండేది గాని తీగలో ఉండేది కాదు. అయినా సర్వర్లు (ఇతర యంత్రాలకు సేవలందించే కంప్యూటర్లు), నెట్‌వర్కుల పనిలో ఈనాటికీ నాకు అన్నం పెడుతున్న పదాల్లో చాలావాటిని ఆ గదిలోనే నేర్చుకున్నాను. అందుకు కారణం మన ల్యాబ్ సార్ పద్ధతి. ఎవరైనా నిర్వచనం ఒప్పజెప్పబోతే ఆయన మధ్యలోనే ఆపి, "అది నోట్సులో ఉంది నాయనా, ఈ వస్తువు లేకుంటే ఏం చెడిపోతాదో అది చెప్పు" అనేవారు. మన పూర్వ విద్యార్థుల ఈ సంచిక కోసం జ్ఞాపకాలు రాయమన్నప్పుడు, సన్మానాలూ వనభోజనాలూ ఎలాగూ తక్కిన మిత్రులు రాస్తారు గనుక, ఆ ప్రశ్న గురించే రాయాలనిపించింది.

ఆ ప్రశ్న మొదట టెర్మినేటర్ మీద పడింది. అప్పట్లో ల్యాబ్ యంత్రాలన్నీ ఒకే సన్నని కోయాక్సియల్ కేబుల్‌కు, ఒక్కొక్కదాని వెనుక ఒక టీ-కనెక్టర్‌తో తగిలించి ఉండేవి. ఆ కేబుల్ రెండు కొసలా 50 ఓమ్‌ల టెర్మినేటర్లు ఉండి తీరాలి. ఆ చిన్న లోహపు బిరడా ఊడిందంటే, కొసకు చేరిన సంకేతం అక్కడ ఇంకిపోయే దారిలేక వెనక్కు మళ్లి, ఎదురొచ్చే సంకేతాలతో కలగాపులగమై, ఏ యంత్రం పంపిందీ మరొక యంత్రానికి తెలియకుండా చేస్తుంది. ఒకరి కాలు తగిలితే ల్యాబ్ మొత్తం ఆగేది. ఆ తర్వాత తీగలన్నీ వచ్చి కలిసే పెట్టె, అంటే హబ్బు, ఎందుకొచ్చిందో సార్ వివరించనక్కర లేకపోయింది: ప్రతి యంత్రానికీ విడి తీగ, ఒక్కొక్కటి 100 మీటర్ల దాకా, ఒకటి తెగితే ఆగేది ఒక యంత్రమే. హబ్బు వచ్చినదాన్నల్లా అందరికీ పంపుతుంది గనుక రద్దీ పెరిగి యంత్రాలు ఒకరికొకరు అడ్డుపడ్డాయి. ఆ చిక్కు తీర్చడానికి, ప్రతి నెట్‌వర్క్ కార్డుకూ ఉండే 48 బిట్ల (0 లేదా 1 అనే అంకెల) గుర్తింపు సంఖ్యను, అంటే మ్యాక్ అడ్రసును, గుర్తుపెట్టుకొని ఆ యంత్రపు తీగ గుచ్చిన పోర్టుకే పంపే స్విచ్ రంగంలోకి దిగింది.

సర్వర్ అంటే మరింత వేగంగా నడిచే కంప్యూటర్ అని మనలో చాలామంది అనుకునేవాళ్లం. నిజానికి సర్వర్‌ను తయారుచేసేవారు ఏదో ఒక భాగం తప్పక చెడిపోతుందన్న లెక్కతోనే మొదలుపెడతారు. రెండు పవర్ సప్లైలు ఉంచడం, యంత్రం నడుస్తుండగానే పాడైన డిస్కును లాగి కొత్తది పెట్టగలిగే హాట్ స్వాప్ ఏర్పాటు, వీటన్నిటి మూలం అదే. వీటిలో నాకు అన్నిటికన్నా నచ్చినది, తనలో దొర్లిన తప్పును తానే దిద్దుకునే ఈసీసీ మెమరీ కథ. అమెరికాలోని బెల్ ల్యాబ్స్ పరిశోధన సంస్థలో గణితవేత్త రిచర్డ్ హామింగ్ వారాంతాల్లో రిలే కంప్యూటర్‌కు లెక్కలు అప్పగించి వెళ్లేవాడు. అది తప్పును కనిపెట్టగానే ఆయన పనిని వదిలేసి తర్వాతి పనికి పోయేది. తప్పు జరిగిందని తెలుసుకోగలిగిన యంత్రం, ఎక్కడ జరిగిందో కూడా తెలుసుకొని ఎందుకు దిద్దుకోకూడదన్న ఆయన విసుగు నుంచే 1950లో ప్రచురితమైన హామింగ్ కోడ్ పుట్టింది. సాధారణంగా సర్వర్ మెమరీలో 64 బిట్ల సమాచారానికి మరో 8 బిట్లు కలిపేదీ, ఒక బిట్ తారుమారైతే దిద్దేదీ, రెండు తారుమారైతే కనీసం హెచ్చరించేదీ ఆ ఆలోచనకు వారసత్వమే.

సమాచారాన్ని పలు డిస్కుల్లో పంచి ఉంచే రెయిడ్ విషయానికొస్తే, 1988లో అమెరికాలోని బర్కిలీ విశ్వవిద్యాలయానికి చెందిన ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ తమ పత్రంలో ఆ పేరు పెట్టారు. రెయిడ్ 5లో ఒక డిస్కు పోయినా సమాచారం నిలుస్తుంది; అయితే పెద్ద డిస్కును తిరిగి నింపడానికి గంటల తరబడి పడుతుంది గనుక, ఆ వ్యవధిలో రెండోది కూడా పోతే తట్టుకోవడానికి రెయిడ్ 6 అవసరమైంది. ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి: రెయిడ్ బ్యాకప్ (వేరుగా దాచిన నకలు) కాదు. పొరపాటున చెరిపేసిన ఫైలు డిస్కులన్నిటిలోనూ ఆ క్షణమే చెరిగిపోతుంది. రెయిడ్‌ను నడిపే కంట్రోలర్ కార్డు చాలు, బ్యాకప్ ఖర్చు దండగ అనే యజమానులు ఇప్పటికీ ఉన్నారు. సర్వర్లను అమర్చే చట్రం, అంటే ర్యాకు, సంగతి ఒక్క వాక్యంలో ముగుస్తుంది: వెడల్పు 19 అంగుళాలు, ఒక్కొక్క యూనిట్ ఎత్తు 1.75 అంగుళాలు, నిండు ర్యాకులో సాధారణంగా 42 యూనిట్లు. మన తిరుపతి ఎండల్లో ఆ ర్యాకుకు ముందు నుంచి చల్లగాలి అంది, వెనుక నుంచి వేడి బయటికి పోయే దారి ఉందా లేదా అన్నది ఈ కొలతలకన్నా ముఖ్యం.

నెట్‌వర్క్ నిర్వహణలోనూ ఇదే వరుస. యంత్రాల పేర్లూ చిరునామాలూ ఒకే ఫైలులో రాసి అందరూ దించుకునే పద్ధతి యంత్రాలు పెరిగేకొద్దీ సాగకపోవడంతో 1983లో పాల్ మోకపెట్రిస్, పేరు చెబితే చిరునామా వెతికిపెట్టే డీఎన్‌ఎస్‌ను రూపొందించాడు. నెట్‌వర్కులో యంత్రాన్ని గుర్తించే 32 బిట్ల ఐపీ చిరునామాలు సుమారు 430 కోట్లే గనుక, అవి చాలవన్న భయంతో 192.168తో మొదలయ్యేవాటి వంటి, సంస్థలు తమ లోపలే వాడుకోగల ప్రైవేటు శ్రేణులను కేటాయించారు. సార్ మాకు నేర్పిన తనిఖీ క్రమాన్ని నేను ఈనాటికీ మార్చలేదు: ముందు తీగ కలిసిందని చూపే లింక్ లైట్ చూడాలి, తర్వాత గేట్‌వేకు, అంటే బయటికి దారితీసే యంత్రానికి, పింగ్ కొట్టాలి (చిన్న సందేశం పంపి జవాబొస్తుందో లేదో చూడాలి), ఆపై బయటి ఐపీకి, చివరికి పేరుకు. ఐపీకి పింగ్ వెళ్లి పేరుకు వెళ్లకపోతే ముందుగా డీఎన్‌ఎస్‌ను అనుమానించాలి. యంత్రం 169.254తో మొదలయ్యే చిరునామా చూపిస్తే, దానికి చిరునామాలు పంచే డీహెచ్‌సీపీ సర్వర్ జవాబివ్వలేదని అర్థం.

లూప్, అంటే తీగలు వలయంగా కలిసిపోవడం, సంగతి మాత్రం ఉద్యోగంలోనే తెలిసింది. నేను పనిచేసిన ఒక కార్యాలయంలో ఎవరో ప్యాచ్ కార్డు (పొట్టి నెట్‌వర్క్ తీగ) రెండు కొసలనూ ఒకే స్విచ్‌లో గుచ్చడంతో క్షణాల్లో అంతస్తు మొత్తం స్తంభించింది. ఐపీ ప్యాకెట్‌కు (సమాచారపు పొట్లానికి) దాటిన ప్రతి రూటర్ దగ్గరా, అంటే నెట్‌వర్కుల మధ్య దారి చూపే యంత్రం దగ్గరా, తగ్గే ఆయువు ఉంటుంది. స్విచ్‌ల మధ్య దాన్ని మోసే ఈథర్‌నెట్ ఫ్రేముకు అటువంటిది లేదు గనుక, అందరికీ ఉద్దేశించిన సందేశం (బ్రాడ్‌కాస్ట్) అంతులేకుండా తిరుగుతూ పెరిగిపోతుంది. 1985లో రేడియా పెర్ల్‌మన్ కనిపెట్టిన స్పానింగ్ ట్రీ అదనపు దారిని తాత్కాలికంగా మూసి ఈ ఉపద్రవాన్ని ఆపుతుంది. ఆ స్విచ్‌లో ఎవరో దాన్ని ఆపేసి ఉంచారు.

లోడ్ బ్యాలెన్సర్‌ను మన ఊరివారికి వివరించడం తేలిక. వైకుంఠం క్యూ కాంప్లెక్సులో వచ్చినవారందరినీ ఒకేచోట గుమిగూడనివ్వకుండా వేర్వేరు కంపార్టుమెంట్లకు పంచినట్టే, రద్దీ అంతా ఒకే సర్వర్ మీద పడకుండా ఖాళీ ఉన్న సర్వర్‌కు మళ్లించడం దాని పని. అది కూడా ఒక్కటే ఉంటే, అదే చెడిపోతే ఏమిటన్న ప్రశ్న వెంటనే వస్తుంది. అందుకే దాన్నీ జంటగా పెడతారు.

ఇప్పటి విద్యార్థులకు ర్యాకు కంటబడకుండానే పని జరిగిపోతోంది. కంప్యూటర్లను ఇంటర్నెట్ ద్వారా అద్దెకిచ్చే అమెజాన్ క్లౌడ్ కేంద్రాలు 2016లో ముంబైకి, 2022లో హైదరాబాద్‌కు వచ్చాయి. ఆ విద్యార్థులు సార్ ప్రశ్నను క్లౌడ్ సంస్థ ఇచ్చే ఒప్పంద పత్రం మీద వేయవలసి ఉంటుంది. 99.9 శాతం లభ్యత అంటే ఏడాదికి దాదాపు 8 గంటల 46 నిమిషాలు సేవ ఆగినా మాట తప్పినట్టు కాదు; 99.99 శాతమైతే ఆ గడువు సుమారు 53 నిమిషాలకు తగ్గుతుంది. ముందుగా ప్రకటించి చేసే మరమ్మతుల సమయం ఈ లెక్కలోకి వస్తుందా రాదా అన్నది సంతకానికి ముందే చదివి చూడాలి. చాలా ఒప్పందాల్లో అది రాదు.