ఎఫ్1 నొక్కిన పాపానికి

బెంగళూరులో ఉంటున్నానంటే చాలు, మా గుడివాడలో అందరూ నన్ను సాఫ్ట్‌వేర్ అనే అనుకుంటారు. నేను చేసేది లారీ ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో పద్దులు చూసే పని. కంప్యూటర్ గురించి నాకు తెలిసిందల్లా ఎక్సెల్, ఆ తర్వాత ఆపేసి మళ్ళీ ఆన్ చేయడం. ఈ సంక్రాంతి తర్వాత ఆ రెండోది కూడా పనిచేయలేదు.

పండక్కి పది రోజులు ఊరెళ్ళి, ఆదివారం తెల్లవారుజామున టిన్ ఫ్యాక్టరీ దగ్గర బస్సు దిగి, ఆటోలో రామమూర్తి నగర్ చేరాం. వెళ్ళేటప్పుడు షార్ట్ సర్క్యూట్ భయంతో ఫ్రిజ్ ఖాళీ చేసి మరీ మెయిన్ స్విచ్ కట్టేశాను. రాగానే మా ఆవిడ సంచులు కూడా విప్పకుండా కంప్యూటర్ ఆన్ చేయమంది. తను మగ్గం వర్క్ చేస్తుంది. మాఘమాసం పెళ్ళిళ్ళ జాకెట్ల డిజైన్లు, ఎవరు ఎంత అడ్వాన్స్ ఇచ్చారన్న లెక్క, అన్నీ అందులోనే ఉన్నాయి.

బటన్ నొక్కాను. నల్ల తెర మీద తెల్ల అక్షరాలతో ఏదో రెండు లైన్లు వచ్చాయి. కొనసాగించడానికి ఎఫ్1 అన్న ముక్క ఒక్కటే కంట్లో పడింది. నొక్కేశాను. రాత్రంతా బస్సులో కూర్చుని వచ్చినవాడు ఇంగ్లీషు లైన్లు చదువుతాడా! కంపెనీ బొమ్మ వచ్చింది, చుక్కలు గుండ్రంగా తిరిగాయి, ఆ తర్వాత నీలం తెర మీద ఏడుపు మొహం. కింద ఇన్‌యాక్సెసబుల్ బూట్ డివైస్ అని ఉంది. దానంతటదే రీస్టార్ట్ అయింది, మళ్ళీ అదే. మూడోసారి ఆటోమేటిక్ రిపేర్‌కు సిద్ధమవుతున్నానంది. కాసేపు ఏదో వెతికి, రిపేర్ చేయలేకపోయానని చేతులెత్తేసింది.

మా వీధి చివర కంప్యూటర్లు బాగుచేసే అతనికి ఫోన్ చేశాను. లక్షణాలు చెప్పడం పూర్తి కాకముందే తేల్చేశాడు. "ఎస్‌ఎస్‌డీ, అదే లోపలి డిస్క్, పోయింది సార్. కొత్తది వేసి విండోస్ ఎక్కించాలి, నాలుగున్నర వేలవుతుంది. పాత డేటాకి మాత్రం గ్యారంటీ లేదు." ఆ చివరి మాట స్పీకర్‌లో మా ఆవిడకి కూడా వినపడింది. ఇక ఆ పూట ఇంట్లో టిఫిన్ లేదు.

ఈ డబ్బాను నాలుగేళ్ళ కింద ఎస్పీ రోడ్డులో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. ఏదో ఆఫీసు వాళ్ళు వాడి వదిలేసిన బ్రాండెడ్ మెషీన్, ఆరో తరం ఐ5. షాపతను పాత హార్డ్ డిస్క్ తీసేసి ఎస్‌ఎస్‌డీ పెట్టి విండోస్ 10 వేసిచ్చాడు. మెట్రో ఎక్కి చిక్‌పేటలో దిగితే షాపు నడిచే దూరమే. కానీ ఆదివారం అక్కడ షట్టర్లే ఎక్కువ. విజయవాడలో ఇంజనీరింగ్ చదువుతున్న మా మేనల్లుడికి వీడియో కాల్ చేశాను.

వాడు మొదట అడిగింది, "మావయ్యా, రీసెట్ గానీ కొట్టావా?" అని. కొట్టలేదు, కానీ వేలు దాని మీదే ఉంది. 'ఫైళ్ళు ఉంచు', 'అన్నీ తీసెయ్' అని రెండు దారులు చూపిస్తోంది. ఫైళ్ళు ఉంచినా మనం వేసుకున్న ప్రోగ్రాములు పోతాయట. "ముందు డేటా బయటికి తీద్దాం. రోగం సంగతి తర్వాత" అన్నాడు. ఇరవై ఏళ్ళ పిల్లాడికి ఈ బుద్ధి ఎక్కడి నుంచి వచ్చిందో తెలీదు. మా అక్క వైపు నుంచి మాత్రం కాదు.

మా ఆవిడ లాప్‌టాప్‌లో విండోస్‌కి బదులు నడిచే ఉబుంటు అనే సిస్టమ్ దింపి, రూఫస్ అనే చిన్న ప్రోగ్రాముతో ఎనిమిది జీబీ పెన్‌డ్రైవ్ మీద ఎక్కించాం. లోపల ఏదీ ఇన్‌స్టాల్ చేయకుండానే పెన్‌డ్రైవ్ నుంచి కంప్యూటర్ నడుస్తుంది. 'ట్రై' అన్నది మాత్రమే నొక్కాలి, 'ఇన్‌స్టాల్' జోలికి వెళ్ళకూడదని వాడు మూడుసార్లు చెప్పాడు. తెర వచ్చింది. పక్కన మన డిస్క్ కనబడింది, తెరుచుకుంది కూడా. పోయిందన్న ఎస్‌ఎస్‌డీలో మా పాప మొదటి పుట్టినరోజు ఫోటోతో సహా అన్నీ భద్రంగా ఉన్నాయి. బయటి హార్డ్ డిస్క్ తగిలించి మొత్తం కాపీ చేసేసరికి పదకొండున్నర దాటింది. అప్పుడు ఉప్మా అయింది.

డిస్క్ బాగుంది, ఫైళ్ళు బాగున్నాయి, మరి విండోస్‌కి ఏమొచ్చింది? పెన్‌డ్రైవ్ తీసేసి రిపేర్ తెరలో ఆజ్ఞలు టైపు చేసే కమాండ్ ప్రాంప్ట్‌కి వెళ్ళాం. ఇక్కడ ఒక తిరకాసుంది. మనం రోజూ సి అని పిలుచుకునే డ్రైవ్ ఆ తెరలో డి అని కనబడొచ్చు. నేను సి అని కొట్టి ఏమీ లేదంటూ కాసేపు గుండెలు బాదుకున్నాను. డిస్క్‌ని పరీక్షించే చెక్‌డిస్క్ నడిపితే తప్పులేవీ లేవంది. విండోస్ లేచే దారిని సరిచేసే బూట్‌రెక్ ఫిక్స్‌బూట్ కొడితే యాక్సెస్ ఈజ్ డినైడ్ అంది. మన ఇంట్లో మనకే అనుమతి లేదట. మేనల్లుడు కూడా నోరు మూసుకుని ఆలోచనలో పడ్డాడు.

వాడికి తట్టింది చాలా చిన్న విషయం. "మావయ్యా, ప్లగ్ దగ్గర స్విచ్ ఆపి, నిమిషం ఆగి మొదటి నుంచి ఆన్ చెయ్. ఫోన్ తెరకే పెట్టి ఉంచు. ఏ మీటా నొక్కకు." అలాగే చేశాను. పొద్దున వచ్చిన ఆ రెండు లైన్లు మళ్ళీ వచ్చాయి. వాడు పైకి చదివాడు. టైమ్ సెట్ చేసి లేదు, దయచేసి సెటప్ నడపండి.

"ఇది పొద్దున కూడా వచ్చిందా?"

"వచ్చింది. ఎఫ్1 నొక్కేశా."

అవతల కాసేపు మాట లేదు. మేనమామని కాబట్టి తిట్టలేదంతే.

సెటప్‌లోకి వెళ్ళే ముందు ఇంకో ప్రశ్న వేశాడు, బిట్‌లాకర్ ఉందా అని. డిస్క్‌కి ఆ తాళం వేసి ఉంటే, ఈ సెట్టింగులు కదిపినప్పుడు 48 అంకెల రికవరీ కీ అడగొచ్చట. అది దగ్గర లేకపోతే ఫైళ్ళ మీద ఆశ వదులుకోవాల్సిందే. ఉబుంటులో మాకు డిస్క్ నేరుగా తెరుచుకుంది కాబట్టి తాళం లేదని తేలిపోయింది. ఎఫ్2 నొక్కి బయోస్‌లోకి, అంటే విండోస్ కంటే ముందు లేచే ఆ సెటప్‌లోకి వెళ్ళాం. తేదీ చూస్తే 2016 జనవరి 1. మా డబ్బా పదేళ్ళు వెనక్కెళ్ళి కూర్చుంది. తర్వాత సాటా ఆపరేషన్ (డిస్క్‌తో మాట్లాడే పద్ధతి) అన్న చోట చూస్తే రెయిడ్ ఆన్ అని ఉంది.

ఇదీ అసలు కథ. బయోస్ సెట్టింగులు పోతే, కంపెనీ పెట్టిన మొదటి సెట్టింగులు తిరిగొస్తాయి. మా మెషీన్‌కి కంపెనీ పెట్టింది రెయిడ్. ఎస్పీ రోడ్డు అతను దాన్ని ఏహెచ్‌సీఐ అనే ఇంకో పద్ధతికి మార్చి విండోస్ వేసుండాలి. విండోస్ లేచేటప్పుడు తనని ఏ పద్ధతిలో ఎక్కించారో ఆ డ్రైవర్‌నే పట్టుకుని డిస్క్ కోసం వెళ్తుంది. పద్ధతి మారిపోతే తన డిస్క్ తనకే అందదు. మేం ఊరి నుంచి వచ్చేసరికి ఎవరో తలుపుకి వేరే తాళం వేసి ఉంటే ఎలా ఉంటుందో అలా. ఏహెచ్‌సీఐ పెట్టి సేవ్ చేశాం. చుక్కలు తిరిగాయి. నీలం తెర రాలేదు, మా పాప ఫోటో ఉన్న తెర వచ్చింది. మా ఆవిడ చప్పట్లు కొట్టలేదు గానీ కాఫీ పెట్టింది.

సెట్టింగులు ఎందుకు పోయాయన్నది మా ఇంటి ఓనరుగారు చెప్పారు. ఆయన దూరవాణి నగర్ ఐటీఐ (ఇండియన్ టెలిఫోన్ ఇండస్ట్రీస్)లో టెలిఫోన్ ఎక్స్ఛేంజీల మీద పనిచేసి రిటైరయ్యారు. కోలారు వైపు తెలుగు. విషయం విని మల్టీమీటర్ పట్టుకుని పైకొచ్చారు. "ఊరికి పోయేటప్పుడు మెయిన్ ఆపేసి పోయినావా అప్పా?" అనడిగారు. అవునన్నాను. వైరు పీకించి, పవర్ బటన్ ఒకసారి నొక్కించి, ముందు డబ్బా ఇనుము ముట్టుకోమన్నారు. ఒంట్లో ఉన్న స్టాటిక్ బోర్డు మీదికి పోకూడదట. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్ళలాంటి సెల్‌ని చిన్న స్క్రూడ్రైవర్‌తో లేపి కొలిచారు. మూడు వోల్టులు ఉండాల్సినది 1.9 చూపించింది.

ప్లగ్‌లో కరెంటు ఉన్నంతకాలం, కంప్యూటర్ ఆపేసి ఉన్నా ఎస్‌ఎమ్‌పీఎస్ అనే లోపలి పవర్ సప్లై నుంచి అయిదు వోల్టుల స్టాండ్‌బై కరెంటు బోర్డుకి వస్తూనే ఉంటుంది. దానితోనే గడియారం నడిచిపోతుంది, సెట్టింగులూ నిలుస్తాయి. అది లేనప్పుడు ఆ పని సెల్‌ది. సెల్ ఎప్పుడు చచ్చిందో ఎవరికీ తెలీదు. పది రోజులు మెయిన్ ఆపితే బయటపడింది. షార్ట్ సర్క్యూట్ తప్పించబోయి నేనే దీన్ని తెచ్చుకున్నానన్నమాట.

సెల్ మీద సీఆర్2032 అని ఉంది. 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మిల్లీమీటర్ల మందం, నంబరు అర్థం అదేనట. వీధి చివర గడియారాల షాపులో నలభై రూపాయలకి దొరికింది. నాలుగున్నర వేలు చెప్పిన అతని షాపుకి ఎదురుగానే. రాసి ఉన్న వైపు పైకి పెట్టి బిగించి, మళ్ళీ ఎఫ్2 నొక్కి, ఏహెచ్‌సీఐ పెట్టి, సేవ్ చేసి బయటికొచ్చాను.

తేదీ మార్చడం మర్చిపోయాను. నెట్ వైరు తగిలించలేదు కాబట్టి నాకు తేడా తెలియలేదు. తగిలించినా అన్నేళ్ళ తేడాని విండోస్ తనంతట తాను సరిచేయకపోవచ్చని మేనల్లుడు తర్వాత చెప్పాడు. ఆ సాయంత్రమే మా ఆవిడ ఎక్సెల్ తెరిచి హొరమావు నుంచి వచ్చిన ఒకావిడకి బిల్లు తీసిచ్చింది. ఆ షీటులో తేదీ దానంతటదే పడుతుంది. ఆవిడ కాగితం కళ్ళజోడుకి దగ్గరగా పెట్టి చూసి నవ్వింది.

"2016 అని వేశావమ్మా. అప్పటి రేటుకే ఇస్తావా మరి?"

రెండొందలు తగ్గించక తప్పలేదు.