వరాహం తరిమిన మనిషి

భోపాల్ నుంచి 45 కిలోమీటర్లు వెళ్ళాక రోడ్డు వదిలి వింధ్య కొండ ఎక్కితే భీమ్‌బెట్కా. 1957లో పురావస్తు శాస్త్రవేత్త విష్ణు శ్రీధర్ వాకణ్కర్ రైల్లో పోతూ ఈ బండలను కిటికీలోంచి చూసి, తర్వాత వెతుక్కుంటూ వచ్చారు. అలా 700కు పైగా రాతి గుహలు, వాటిలో వందల గుహల గోడల మీద ఆదిమానవుల కాలం నుంచి వేసిన బొమ్మలు లోకానికి తెలిశాయి. 2003లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరాయి. సందర్శకులను అనుమతించేది మాత్రం పదిహేను గుహల వరకే.

నాన్నను వెంటబెట్టుకుని వెళ్ళాను. వేరుశనగ చేలో మంచె మీద కూర్చుని ఎన్నో రాత్రులు అడవి పందులకు కాపలా కాసిన మనిషి. మొదట్లో వచ్చే పెద్ద గుహలు ఆయనకు పెద్దగా పట్టలేదు. జూ రాక్ అని పిలిచే బండ దగ్గర మాత్రం ఆగాడు. ఏనుగులు, అడవి దున్నలు, బారాసింగా జింకలు. ఒక కాలం వాళ్ళు వేసిన బొమ్మ మీదే ఇంకో కాలం వాళ్ళు మళ్ళీ వేశారు. తెలుపు, కావిరంగు కలిసిపోయి ఉన్నాయి.

కాలిబాట చివర పుట్టగొడుగు ఆకారంలో ఒంటరిగా నిలబడిన బండ ఉంది. దాని పైభాగాన, తల బాగా ఎత్తితే తప్ప కనిపించనంత ఎత్తులో, ఎర్రటి జంతువు. ముట్టె పందిది, తల మీద కొమ్ములు. దాని ముందు ప్రాణం అరచేత పట్టుకుని పరుగెత్తే మనిషి, ఆ జంతువు పక్కన వేలెడంత. దగ్గరలోనే ఒక ఎండ్రకాయ కూడా ఉంది. అదెందుకో ఎవరికి వాళ్ళు ఊహించుకోవలసిందే.

ఇది పురాణ జంతువని అక్కడ అందరూ చెప్పే మాట. నాన్న ఒప్పుకోలేదు. "తరుముతున్నప్పుడు పంది అంతే ఉంటుందమ్మా" అన్నాడు.

నాకు ఆ మాటే సరైనదనిపించింది. కొలతలు తెలియక అలా గీశారనుకోవడానికి లేదు, జూ రాక్ మీద జింకల కొమ్ములు ఎంత పొందికగా ఉన్నాయో అప్పుడే చూసి వచ్చాం. మగ పంది 100 కిలోలు దాటుతుంది. కింది కోరలు పై కోరలకు రాసుకుని ఎప్పుడూ పదునుగానే ఉంటాయి. తల వంచి దూసుకొచ్చి పైకి ఎగజిమ్మితే తొడ చీలుతుంది. అక్కడి పెద్ద రక్తనాళం తెగితే నిమిషాల్లో ప్రాణం పోతుంది. ఆనాటి వేటగాడి చేతిలో ఉన్నదల్లా విల్లు, చిన్న చిన్న రాతి పలుకులు అతికించిన బాణం, లేదంటే బల్లెం. అది దిగాలంటే దగ్గరికి వెళ్ళాలి. గురి తప్పితే పరుగు, లేదా చెట్టు, లేదా ఇలాంటి బండ.

ఆదిమానవుడనగానే బల్లెం ఎత్తి సింహం ముందు నిలబడిన వీరుణ్ణి తలచుకోవడం మనకు అలవాటు. ఇక్కడి గోడల మీద వేట బొమ్మలకు కొదవ లేదు. అయినా అంత ఎత్తున, అంత శ్రమపడి, పారిపోతున్న మనిషిని కూడా గీశారు. తప్పించుకోవడం వాళ్ళకు సిగ్గు కాదు, చెప్పుకోదగ్గ విషయం. నాకు ఈ కొండ మీద అన్నిటికన్నా గొప్ప బొమ్మ ఇదే.

ఈ గుహల చుట్టూ ఉన్నది రాతాపానీ అడవి. 2024 డిసెంబరులో దాన్ని పులుల అభయారణ్యంగా ప్రకటించారు. దిగి వస్తుంటే నాన్న అక్కడి కాపలాదారును పందుల గురించి అడిగాడు. మధ్యలో నేను హిందీలోకి మారుస్తూ ఉన్నాను. వాళ్ళ ఊళ్ళో గోధుమ, శనగ చేలలో పడతాయట. రాత్రి ఎలా కాస్తారని అడిగితే, మంట వేసుకుని నలుగురైదుగురం కలిసి కూర్చుంటామని, ఒక్కరినే ఎప్పుడూ పంపమని చెప్పాడు. తమ దగ్గర కూడా అంతేనన్నాడు నాన్న. ఆ తర్వాత ఇద్దరూ ఏ పంటను పంది ముందు ముట్టుకుంటుందన్న దాని మీద చాలాసేపు వాదించుకున్నారు.