కా స్ఙీ పాట విన్న రాత్రి

అక్టోబరులో షిల్లాంగ్‌కి సాయంత్రం ఐదింటికే చీకటి పడిపోతుంది. గువాహటి నుంచి సుమారు వంద కిలోమీటర్ల కొండదారి షేర్ సుమోలో వచ్చాను. దారిలో ఉమియం సరస్సు దగ్గర పది నిమిషాలు ఆగాం. అప్పుడు మొదలైన సన్నటి వాన ఊళ్లోకి వచ్చినా వదల్లేదు. పదిహేను వందల మీటర్ల ఎత్తు కదా, చలి కూడా ఉంది. గదిలో దుప్పటి కప్పుకుని పడుకోవడం తప్ప వేరే ఆలోచన లేదు.

నేను దిగిన ఇంటావిడ టీ ఇస్తూ, లైతుంఖ్రాలో తనకు తెలిసిన పిల్లలు ఈ రాత్రి పాడుతున్నారని, నడిస్తే పావుగంటేనని చెప్పింది. అక్కడ పెద్దావిడని 'కాంగ్' అని పిలుస్తారు, అంటే అక్క. కాంగ్ చెప్పింది కదా అని గొడుగు తీసుకుని బయల్దేరాను.

షిల్లాంగ్ పాటల ఊరని ముందే విన్నాను. లూ మజావ్ అనే గాయకుడు 1972 నుంచి ఏటా మే 24న బాబ్ డిలన్ పుట్టినరోజుకి ఇక్కడ కచేరీ చేస్తున్నాడని చదివాను. సోల్‌మేట్ అనే బ్లూస్ బ్యాండ్ పాటలు ఫోన్‌లో కొన్ని ఉన్నాయి. ఆ రాత్రి పాడేవాళ్ల గురించి మాత్రం ఏమీ తెలీదు. తలుపు దగ్గర నల్లబల్ల మీద సుద్దముక్కతో రాసిన బ్యాండ్ పేరు కూడా నాకు నోరు తిరగలేదు.

లోపల నలభై మంది పడితే నిండిపోయే గది. వేదిక అంటూ ఏమీ లేదు. ఒక మూల తివాచీ పరిచి, దాని మీద డ్రమ్స్, రెండు ఆంప్లిఫయర్లు పెట్టారు. మైకు పాడే అమ్మాయికి ఒక్కదానికే. అంత చిన్న గదిలో డ్రమ్స్‌కి మైకు అక్కర్లేదు, పైగా అణచాలి. డ్రమ్స్ అబ్బాయి ముందున్న చిన్న డ్రమ్ స్నేర్ మీద ఒక చేతిరుమాలు మడిచి వేసుకున్నాడు. నేను ముందు స్పీకర్‌కి ఎదురుగా కూర్చున్నాను. మొదటి పాటకే చెవులు గింగురుమన్నాయి, మాటలన్నీ ఒక ముద్దలా వినిపించాయి. లేచి వెనక, శబ్దాలు సరిచేసే మిక్సర్ ముందున్న అబ్బాయి పక్కకి వెళ్లాను. అతను తను విన్నదాన్ని బట్టే అన్నీ సరిచేస్తాడు కాబట్టి గదిలో పాట బాగా కుదిరే చోటు అదే. కొత్త చోట పాట వినడానికి వెళ్లేవాళ్లకి నేను ధైర్యంగా ఇచ్చే సలహా ఇది.

మొత్తం ఐదుగురు. గిటార్, బేస్, డ్రమ్స్, పాడే అమ్మాయి, ఐదోవాడి చేతిలో దుయితారా. ఒకే కర్రలో తొలిచిన చిన్న వాయిద్యం, నాలుగు తీగలు, పొట్ట మీద చర్మం బిగించి ఉంటుంది. చెక్క మీటుతో గట్టిగా కొడతారు. గిటార్ మోగాక స్వరం కాసేపు నిలుస్తుంది. దుయితారాది అలా కాదు, టక్కున పలికి ఆగిపోతుంది. అందుకే అతను ఆపకుండా వాయిస్తూనే ఉన్నాడు, వాన చుక్కలు వరసగా రేకు మీద పడుతున్నట్టు.

మూడో పాటకి ఇబ్బంది వచ్చింది. జనం నిండారు, అందరి బట్టలూ తడి, కిటికీలు మూసి ఉన్నాయి. ఆ చెమ్మకి దుయితారా చర్మం సడలింది. తీగల్ని మోసే గుర్రం చర్మం మీదే నిలబడి ఉంటుంది కాబట్టి, చర్మం కుంగితే తీగలు వదులై శ్రుతి దిగిపోతుంది. గిటార్‌కి ఆ బాధ లేదు. బిరడాలు తిప్పాడు, అర నిమిషంలో మళ్లీ దిగింది. అప్పుడతను లేచి, తివాచీ పక్కన వెలుగుతున్న హీటర్ ముందు గొంతుక్కూర్చుని, వాయిద్యం పొట్టని వేడి వైపు తిప్పి పట్టుకున్నాడు. మధ్యమధ్యలో బొటనవేలితో చర్మాన్ని తట్టి చెవి దగ్గర పెట్టుకుంటున్నాడు. డప్పు కొట్టేవాళ్లు మంట దగ్గర కాచుకోవడం నేను చూసిందే. వేల మైళ్ల అవతల కాకపోయినా, నా భాష ఒక్క ముక్క తెలియని చోట అదే పని చూసేసరికి ఆ గది నాకు ఒక్కసారిగా దగ్గరైంది.

అలా నాలుగైదు నిమిషాలు గడిచాయి. ఎవరూ విసుక్కోలేదు. పాడే అమ్మాయి మైకు పక్కన పెట్టి, కూర్చున్నచోటే ఏదో పాట మెల్లగా ఎత్తుకుంది. రెండో చరణానికి గదంతా అందుకుంది. మన భజనలో అందరం ఒకే వరస పాడతాం. ఇక్కడ అలా లేదు. నా ముందున్న ఇద్దరమ్మాయిలు పై స్వరం పట్టుకుంటే, గోడకి ఆనుకున్న పెద్దాయన బాగా కింద నుంచి పాడుతున్నాడు, మిక్సర్ అబ్బాయి ఆ రెండిటికీ నడుమ. ఎవరూ ఎవరికీ సైగ చెయ్యలేదు, ఎవరి వరస వాళ్లకి తెలుసు. ఇది చర్చి నుంచి వచ్చిన అలవాటు. 1841లో థామస్ జోన్స్ అనే వేల్స్ మిషనరీ సోహ్రాకి, అంటే మన చిరపుంజికి వచ్చి ఇక్కడివాళ్లు మాట్లాడే ఖాసీ భాషని రోమన్ లిపిలో రాశాడు. ఆయన వెనక వచ్చినవాళ్లతో వేల్స్ కీర్తనలూ నాలుగు గొంతుల పాటా వచ్చాయి. ఇదంతా పుస్తకంలో చదివినప్పుడు నాకేమీ అనిపించలేదు. వాన చప్పుడు మధ్య నలభై గొంతులు నాలుగు పాయలై నా చుట్టూ నడుస్తుంటే ఒళ్లు జలదరించింది.

దుయితారా శ్రుతికి వచ్చాక వాయించిన పాట ఆ రాత్రికి ప్రాణం. అందులో ఒక మాట పదే పదే వచ్చింది. పక్కనున్న మిక్సర్ అబ్బాయిని హిందీలో అడిగితే, "కా స్ఙీ, సూర్యుడు" అన్నాడు. మనం అక్షరమాలలో 'ఙ' దిద్దుకుని, వాఙ్మయం లాంటి ఒకటి రెండు మాటల్లో తప్ప వాడకుండా వదిలేశాం. ఖాసీలో అది నిత్యం నోట్లో ఆడే శబ్దం. 'కా' అంటే ఆడ, 'ఉ' అంటే మగ. మనకి సూర్యచంద్రులిద్దరూ మగవాళ్లే, వాళ్లకి సూర్యుడు అక్క, చంద్రుడు తమ్ముడు. తమ్ముడు అక్క మీదే తప్పు చూపు చూశాడట, ఆవిడ మండిపడి పొయ్యిలో బూడిద తీసి మొహాన కొట్టిందట. చంద్రుడి మీద మచ్చలు ఆ బూడిదేనట. అతను నా చెవిలో కథ చెబుతూనే ఒక చేత్తో మీటలు సర్దుతున్నాడు. బూడిద కొట్టే ఘట్టం వచ్చిందేమో, డ్రమ్స్ ఒక్కసారిగా ఆగిపోయి దుయితారా ఒక్కటే మిగిలింది. ఆ అమ్మాయి గొంతు పెంచలేదు, బాగా తగ్గించింది. గదిలో కప్పు పెట్టిన చప్పుడు కూడా లేదు.

గిడుగు రామమూర్తి పంతులుగారు ఏళ్ల తరబడి శ్రమించి నేర్చుకున్న సవర భాషకి ఈ ఖాసీ దూరపు చుట్టం, రెండూ ఆస్ట్రో ఏషియాటిక్ కుటుంబానివే. అది తలుచుకుంటూ, అర్థం కాని ఆ మాటల్ని నోట్లోనే పలికి చూసుకున్నాను.

తొమ్మిది కాకముందే అయిపోయింది. నాకు వచ్చిన ఒక్క ముక్క 'ఖుబ్లేయ్', అంటే ధన్యవాదాలు, చెప్పి దుయితారా అబ్బాయి దగ్గరికి వెళ్లాను. నవ్వి వాయిద్యం నా చేతికిచ్చాడు. అనుకున్నదానికన్నా బరువుంది. చర్మం మీద బొటనవేలు ఆనిస్తే చల్లగా, కాస్త మెత్తగా తగిలింది. పూర్వం ముగా పట్టు తీగలు కట్టేవారని, తను నైలాన్ వేసుకున్నానని చెప్పాడు. సింథటిక్ చర్మం వేసుకోవచ్చు కదా, ఈ తంటా ఉండదు అన్నాను. తల అడ్డంగా ఊపి, వాయిద్యం తీసుకుని తన స్వెట్టర్ విప్పి దానికి చుట్టాడు. బయట ఇంకా వాన పడుతోంది.

"రేపు కా స్ఙీ వస్తే ఆవిడే ఆరబెడుతుంది" అన్నాడు.