పది మార్కులకు మూడు వచ్చాక భారత్‌నెట్ పట్టుకున్నాను

గ్రూప్-1 మెయిన్స్ టెస్ట్ సిరీస్‌లో ఒక ప్రశ్న: ‘ప్రభుత్వ సాంకేతిక ప్రాజెక్టుల్లో జాప్యానికి, వ్యయం పెరగడానికి కారణాలు రాయండి.’ సమన్వయ లోపం, అలసత్వం, అవినీతి అంటూ నీటుగా పాయింట్లు పెట్టి వచ్చాను. పదికి మూడు. పేపరు దిద్దినాయన పక్కన ‘ఏ ప్రాజెక్టు?’ అని ఒక్క ముక్క రాశారు. రెండు రోజులు ఒళ్లు మండింది గానీ, చూస్తే ఆయన అడిగింది న్యాయమే. నేను రాసింది చెరువు పూడికతీతకైనా సరిపోతుంది.

అందుకే ఒక్క ప్రాజెక్టును లోతుగా చదువుదామనుకున్నాను. భారత్‌నెట్, అంటే గ్రామ పంచాయతీలకు ఆప్టికల్ ఫైబర్ కేబుల్‌తో ఇంటర్నెట్ ఇచ్చే కేంద్ర ప్రాజెక్టు, ఎంచుకోవడానికి కారణం పరవాడ. 2012లో దేశంలో మూడు మండలాల్లో పైలట్ చేస్తే అందులో ఒకటి విశాఖ పక్కన పరవాడ. మా మేనత్త వాళ్లది అటువైపే.

2011 అక్టోబరులో కేంద్ర క్యాబినెట్ ఆమోదించినప్పుడు దీని పేరు ఎన్‌ఓఎఫ్‌ఎన్ (నేషనల్ ఆప్టికల్ ఫైబర్ నెట్‌వర్క్). అంచనా సుమారు 20,000 కోట్లు, లక్ష్యం 2.5 లక్షల పంచాయతీలు, గడువు రెండేళ్లు. తొలి లక్ష పంచాయతీలు అయ్యేసరికి 2017 డిసెంబరు వచ్చింది! పనిని ప్రభుత్వరంగ సంస్థలైన బీఎస్‌ఎన్‌ఎల్, రైల్‌టెల్, పవర్‌గ్రిడ్‌లకు పంచారు. రోడ్డు తవ్వాలంటే ఒకరి అనుమతి, అడవి దాటాలంటే ఇంకొకరిది. పైగా కేబుల్‌ను ఎక్కువగా ఒకే వరసలో వేశారు. ఎక్కడో పొక్లెయిన్ తగిలి తెగితే దాని అవతలి ఊళ్లన్నీ ఆగిపోతాయి. కేబుల్ వేయడం వేరు, పంచాయతీ ఆఫీసులో నెట్ రావడం వేరు. నా జవాబుకు ప్రాణం ఈ తేడాలోనే దొరికింది.

తర్వాతి టెస్టులో ఇంకో తప్పు చేశాను. 2023లో సవరించిన కార్యక్రమానికి 1,39,579 కోట్లు ఆమోదించారు కదా, ‘ఖర్చు ఏడు రెట్లు పెరిగింది’ అని రాసేశాను. అది పూర్తిగా నిజం కాదు. అందులో వరస బదులు రింగ్ పద్ధతి (కేబుల్‌ను చుట్టూ తిప్పి కలపడం, ఒకచోట తెగినా రెండోవైపు నుంచి నెట్ వస్తుంది) ఉంది, అడిగిన గ్రామాలకు కనెక్షన్ ఉంది, పదేళ్ల నిర్వహణ ఉంది. పని పరిధి పెరగడాన్నీ, అదే పనికి ఖర్చు పెరగడాన్నీ విడదీసి రాయండి. చాలామంది ఇక్కడే పప్పులో కాలేస్తారు.

పరిష్కారాల దగ్గర మన రెండు రాష్ట్రాలే రాశాను. ఆంధ్రలో కేబుల్‌ను కరెంటు స్తంభాల మీదుగా లాగారు: త్వరగా అవుతుంది, తుపానొస్తే మాత్రం టెన్షనే. తెలంగాణలో మిషన్ భగీరథ పైపుల కోసం తవ్విన కందకాల్లోనే వేశారు.

ఇదంతా ఒక పేజీకి కుదించాను. వరస, రింగ్ బొమ్మలు రెండూ నిమిషంలోపు గీయడం వచ్చేదాకా రోజూ గీశాను.