పెళ్లి సీడీల నుంచి ఓటీటీ దాకా అన్నీ ఆడే బాక్స్ కోసం వెతికిన నా అనుభవం

మా ఇంటి టీవీకి చిన్న మీడియా బాక్స్ ఒకటి కొనాలనుకున్నప్పుడు నాకు దానితో రెండు పనులుండేవి. అమ్మకు యూట్యూబ్ భజనలు, సీరియళ్లు, మాకు ఓటీటీ సినిమాలు ఆగకుండా రావాలి. దాంతోపాటు ఇరవై ఏళ్లుగా కూడబెట్టిన ఇంటి వీడియోలన్నీ ఒక్క హార్డ్ డిస్క్‌లోంచి ఆడాలి. మొదటి పనికి టీవీ వెనక గుచ్చే మంచి కంపెనీ స్టిక్ ఏదైనా సరిపోతుంది, అందులో పెద్దగా ఆలోచించేదేం లేదు. రెండో పని దగ్గరే అసలు కథ ఉంది. బాక్స్ అట్టపెట్టె మీద రాసినవన్నీ మొదటి పని గురించే ఉంటాయి. మన పాత వీడియోలు ఆడతాయో లేదో ఏ పెట్టె మీదా రాసి ఉండదు.

ముందు మా దగ్గరున్న సరుకు చెప్తాను. అక్క పెళ్లి 2003లో జరిగింది. అప్పట్లో నల్లగొండలో ఫొటోగ్రాఫర్లు పెళ్లి వీడియో వీసీడీల్లోనే ఇచ్చేవాళ్లు. ఆ డిస్కు తెరిస్తే ఎంపెగ్ఏవీ అనే ఫోల్డర్, దాంట్లో పేరు చివర .DAT అని ఉండే ఫైలు కనిపిస్తుంది. బొమ్మ సైజు 352×288, ఇప్పటి ఫోన్ తెరలో ఒక మూలకు సరిపోయేంత. అన్న పెళ్లి నాటికి డీవీడీలు వచ్చాయి. అవి వీఓబీ ఫైళ్లు, పెళ్లంతా ఒక్కో జీబీ ముక్కలుగా తెగి ఉంటుంది. మేనకోడలి ఓణీల ఫంక్షన్ ఫుల్ హెచ్‌డీలో, తమ్ముడి పెళ్లి 4కెలో హెచ్ఈవీసీ 10 బిట్ (వీడియోను బాగా కుదించే కొత్త పద్ధతి) ఫైళ్లుగా ఉన్నాయి. మధ్యలో అందరి ఫోన్లలోంచి పోగైన నిలువు వీడియోలు సరే సరి.

వీటన్నిటికంటే నాకు ముఖ్యమైనది మునుగోడు పక్కన మా ఊళ్లో ఆడిన చిరుతల రామాయణం, అంటే చేతుల్లో చెక్క చిరుతలు కొడుతూ ఆడే నాటకం. అందులో నాయన రావణుడు వేశాడు. ఆ వేషం కట్టిన మరుసటి ఏడే ఆయన మోకాళ్లకు నొప్పులొచ్చాయి, మళ్లీ ఆడలేదు. డీవీడీ నుంచి తీసిన ఆ వీడియో బాగా ఆడితేనే బాక్స్ కొనాలని ముందే గట్టిగా అనుకున్నాను.

అందుకే ఏ దుకాణానికీ పోకముందే ఒక పెన్‌డ్రైవ్ తయారు చేసుకున్నాను. మా దగ్గరున్న రకాల్లో ఆడటానికి కష్టమైనవి ఏరి అందులో వేశాను. అక్క పెళ్లి .DAT ఫైలు ఒకటి, చిరుతల రామాయణంలో యుద్ధం ఘట్టం, అన్న పెళ్లి బరాత్, తమ్ముడి పెళ్లి 4కె ముక్క, డీటీఎస్ ఆడియో (ఎక్కువ స్పీకర్ల కోసం చేసిన శబ్దం) ఉన్న సినిమా ఫైలు, తెలుగు సబ్‌టైటిల్ ఫైలు, 4 జీబీ దాటిన పెద్ద ఫైలు. ఈ చివరిది ఎందుకంటే, ఎఫ్ఏటీ32 పద్ధతిలో ఫార్మాట్ చేసిన డిస్కులో 4 జీబీకి మించిన ఒకే ఫైలు పట్టదు. పెద్ద ఫైళ్లు కావాలంటే ఎక్స్‌ఫ్యాట్ గానీ ఎన్‌టీఎఫ్ఎస్ గానీ ఉండాలి, వాటిని బాక్స్ చదవగలగాలి. ఒక్కో కంపెనీ ఒక్కో తీరుగా పెడుతుంది కాబట్టి గుచ్చి చూడటం తప్ప దారి లేదు. పెన్‌డ్రైవ్‌ను ఎక్స్‌ఫ్యాట్‌లో పెట్టి, హార్డ్ డిస్క్‌ను ఎన్‌టీఎఫ్ఎస్‌లోనే ఉంచి, రెండూ సంచిలో వేసుకొని బయల్దేరాను.

నల్లగొండ క్లాక్ టవర్ దగ్గరి ఒక దుకాణంలో ముందు చూపించింది పేరు ఎప్పుడూ వినని నల్ల డబ్బా. పైన 8కె అని పెద్దక్షరాలు, 64 జీబీ స్టోరేజీ, ధర చాలా తక్కువ.

"అన్నా, దీంట్ల అన్నీ ఫ్రీగ వస్తయ్. ఇంకేం కావాలె?" అన్నాడు ఆ పిల్లగాడు.

"పెట్టి చూపియ్యి తమ్మీ, నా పెన్‌డ్రైవ్ ఒకటి ఆడిద్దాం" అన్నాను.

నిజం చెప్పాలంటే నా ఫైళ్లలో చాలావరకు ఆడింది. కానీ మెనూ చూస్తే అది టీవీ కోసం చేసిన ఆండ్రాయిడ్ కాదు, ఫోన్ ఆండ్రాయిడ్‌నే తెర మీదికి సాగదీశారు. ప్లే స్టోర్ సెట్టింగ్స్‌లో చూస్తే ప్లే ప్రొటెక్ట్ సర్టిఫికేషన్ (గూగుల్ పరీక్షించి ఒప్పుకున్నట్టు గుర్తు) లేదని ఉంది. డీఆర్ఎం ఇన్ఫో అనే యాప్ వేసి చూస్తే వైడ్‌వైన్ ఎల్3 అని చూపించింది. దీని అర్థం తెలియక చాలామంది మోసపోతున్నారు కాబట్టి వివరంగా చెప్తాను. ఓటీటీ కంపెనీలు సినిమాను వైడ్‌వైన్ లాంటి తాళం వేసి పంపుతాయి. ఆ తాళం తీసే పని చిప్‌లోని సురక్షితమైన భాగంలో జరిగితే ఎల్1, మామూలు సాఫ్ట్‌వేర్‌లో జరిగితే ఎల్3. ఎల్3 అయితే పెద్ద ఓటీటీలు మామూలుగా 480పి దగ్గరే ఆపేస్తాయి. పెట్టె మీద 8కె అని రాసినా, డబ్బు కట్టి చందా తీసుకున్నా, మనకొచ్చేది మసక బొమ్మే.

నన్ను ఇంకా భయపెట్టింది వేరే ఉంది. ఇలాంటి చవక ఆండ్రాయిడ్ బాక్సుల్లో కొన్నిటికి ఫ్యాక్టరీ నుంచే మాల్‌వేర్ (హాని చేసే సాఫ్ట్‌వేర్) ఎక్కి వస్తోందని 2023లో బయటపడింది. బ్యాడ్‌బాక్స్ అని దానికి పేరు పెట్టారు. 2025 జూన్‌లో అమెరికా ఎఫ్‌బీఐ బ్యాడ్‌బాక్స్ 2.0 గురించి జనానికి హెచ్చరిక ఇచ్చింది, పది లక్షలకు పైగా పరికరాలకు అది అంటుకుందని పరిశోధకులు చెప్పారు. మన ఇంటి నెట్‌ను మనకు తెలియకుండా వేరేవాళ్లు వాడుకుంటారు. అదే వైఫైలో అమ్మ ఫోన్ ఉంటుంది, ఆ ఫోన్లో ఆమె బ్యాంకు ఖాతా ఉంటుంది. దుకాణంలో చూసిన ఆ డబ్బాలో మాల్‌వేర్ ఉందని నేననను, కానీ లేదని నమ్మడానికి నాకు ఒక్క ఆధారమూ కనిపించలేదు. వద్దని వచ్చేశాను.

స్టిక్‌లు కూడా చూశాను. అమెజాన్ ఫైర్ టీవీ స్టిక్ లాంటివి ఓటీటీకి హాయిగా ఉంటాయి, సర్టిఫికేషన్ బాధ లేదు. అయితే దానికున్న ఒకే చిన్న యూఎస్‌బీ పోర్టులోంచే కరెంటు కూడా పోవాలి. హార్డ్ డిస్క్ తగిలించాలంటే మధ్యలో ఓటీజీ కేబుల్, దానికో అడాప్టర్ కావాలి. టీవీ వెనక వేలాడే ఆ వైర్లను అమ్మ ఊడుస్తూ ఒకసారి కదిలిస్తే అంతే. ఫైళ్లు లేని ఇంటికైతే నేను స్టిక్కే కొనమంటాను. మా ఇంటికి కుదరదు.

రాస్‌బెర్రీ పై అనే అరచేతంత కంప్యూటర్ గురించి మా బావ చాలా చెప్పాడు. ఆయన సికింద్రాబాద్ సీటీసీలో కొన్న పై 4లో కోడి (Kodi) అనే వీడియో ప్లేయర్‌ను, దాన్ని నడిపే లిబ్రేఎలెక్ సిస్టమ్‌ను వేసుకొని వాడుతున్నాడు. నా పెన్‌డ్రైవ్ ఆయన ఇంట్లో పెట్టి చూస్తే ఇంటి వీడియోల వరకు దానికి సాటి లేదు. పాత డీవీడీల ఎంపెగ్-2 ఫైళ్లు, 4కె హెచ్ఈవీసీ రెండూ నున్నగా ఆడాయి. కానీ ఓటీటీ దగ్గర దానిదీ ఎల్3 బతుకే. పైగా ఏదైనా మొరాయిస్తే బావకు ఫోన్ చేయాల్సిందే, అమ్మ ఒక్కతే ఇంట్లో ఉన్నప్పుడు నడిచే యంత్రం కాదు. "నీకు రెండు డబ్బాలు పెట్టుకునే ఓపిక ఉంటేనే ఇది తీసుకో బామ్మర్దీ" అని బావే అన్నాడు. మాకు ఒకటే డబ్బా కావాలి.

మిగిలింది గూగుల్ సర్టిఫికేషన్ ఉన్న ఆండ్రాయిడ్ టీవీ బాక్స్. 2020లో రూ.3,499కి వచ్చిన షావోమీ మీ బాక్స్ 4కె ఈ రకమే. మామూలు సైజు యూఎస్‌బీ పోర్టు, కరెంటుకు వేరే దారి ఉంటాయి. చివరికి నేను ఈ కోవకు చెందినదే, ఈథర్‌నెట్ పోర్టు (నెట్ వైరు గుచ్చేది) కూడా ఉన్నది తీసుకున్నాను. ఫుల్ హెచ్‌డీ సినిమాకు 5 ఎంబీపీఎస్, 4కెకు 15 ఎంబీపీఎస్ ఉంటే చాలని నెట్‌ఫ్లిక్స్ చెప్తుంది, కాబట్టి మా ఫైబర్ లైనుకు అది పెద్ద బరువు కాదు. కానీ రౌటర్ ముందు గదిలో, టీవీ రెండు గోడల అవతల. వైర్ లాగితే ఆ గోడల గొడవే ఉండదు.

మాది ఫుల్ హెచ్‌డీ టీవీయే, అలాంటప్పుడు 4కె బాక్స్ ఎందుకని కొందరు అడిగారు. టీవీ ఫుల్ హెచ్‌డీ అయినా తమ్ముడి పెళ్లి ఫైళ్లు 4కెలో ఉన్నాయి. బాక్స్ ముందు వాటిని విప్పగలిగితేనే టీవీ సైజుకు తగ్గించి చూపిస్తుంది. విప్పే శక్తి చిప్‌లో లేకపోతే ఒక్కో బొమ్మా ఆగాగి కదులుతుంది.

ఇంటికొచ్చాక మొదటి టెన్షన్ హార్డ్ డిస్క్‌తో. పెన్‌డ్రైవ్ మంచిగా ఆడింది, డిస్క్ పెడితే మాత్రం లోపల టక్, టక్ అని చప్పుడు, తెర మీద ఏమీ రాదు. యూఎస్‌బీ 2.0 పోర్టు ఇవ్వాల్సిన కరెంటు 500 మిల్లీయాంప్‌లే. లోపల పళ్లెం తిరిగే డిస్కు మొదలయ్యేటప్పుడు అంతకంటే ఎక్కువ లాగుతుంది. అందక మళ్లీ మళ్లీ మొదలవడానికి చేసే ప్రయత్నమే ఆ చప్పుడు, దాన్ని అలాగే వదిలేస్తే డిస్కు పాడవుతుంది. సొంత అడాప్టర్ ఉన్న యూఎస్‌బీ హబ్ మధ్యలో పెట్టగానే సమస్య పోయింది. ఎండాకాలం గాలిదుమారం లేస్తే మా వాడలో కరెంటు పోవడం మామూలే కాబట్టి బాక్స్, హబ్, రౌటర్ మూడింటినీ ఇన్వర్టర్ లైను మీదికి మార్చాను. డిస్కును ఎన్‌టీఎఫ్ఎస్‌లోనే ఉంచడానికీ ఇదే కారణం. రాస్తుండగా కరెంటు పోతే కోలుకోవడానికి దాంట్లో జర్నల్ అనే ఏర్పాటు ఉంది, ఎక్స్‌ఫ్యాట్‌లో అది లేదు. ఏ పద్ధతైనా డిస్కు ఏదో ఒకరోజు పోయేదే, అందుకని రెండో కాపీ హైదరాబాద్‌లో అన్న ఇంట్లో పెట్టాను.

ఇక చిరుతల రామాయణం. ఇక్కడే నేను ఎక్కువ సేపు కూర్చున్నాను. కోడి వేసి యుద్ధం ఘట్టం పెడితే, చిరుతలు కొడుతూ గుండ్రంగా తిరిగేవాళ్ల చేతుల అంచులు దువ్వెన పళ్లలా చీలి కనిపించాయి. నాయన చెయ్యెత్తి పద్యం అందుకున్నప్పుడు ఆ చెయ్యి గీతలు గీతలుగా వచ్చింది. అప్పటి కెమెరాలు ఒక్కో ఫ్రేమును రెండు సగాలుగా, సరి గీతలు ఒకసారి, బేసి గీతలు ఒకసారి పట్టేవి. పాత డబ్బా టీవీ వాటిని అదే వరసలో చూపించేది కాబట్టి తేడా తెలిసేది కాదు. ఇప్పటి తెర రెండు సగాలనూ ఒకేసారి చూపిస్తే కదిలే చోటల్లా చీలికలు పడతాయి. దీనికి డీఇంటర్లేసింగ్, అంటే ఆ రెండు సగాలను చీలికలు లేకుండా సర్దడం, చేయాలి. కోడిలో హార్డ్‌వేర్ డీకోడింగ్ (చిప్‌లోని ప్రత్యేక భాగమే వీడియోను విప్పడం) ఆపేసి, వీడియో సెట్టింగ్స్‌లో డీఇంటర్లేస్ ఆన్ చేశాను. డీవీడీ బొమ్మ చిన్నదే కాబట్టి బాక్స్ ప్రాసెసర్‌కు అది భారం కాలేదు. 4కె చూసేటప్పుడు మాత్రం హార్డ్‌వేర్ డీకోడింగ్ మళ్లీ పెట్టుకోవాలి.

చీలికలు పోయాక కూడా కెమెరా వేదిక మీంచి జనం మీదికి తిరిగినప్పుడు బొమ్మ కుదుపుతూ కదిలింది. మన దగ్గర అప్పటి వీడియో కెమెరాలతో పాల్ పద్ధతిలో, సెకనుకు 25 ఫ్రేములతో తీశారు. బాక్స్ మాత్రం టీవీకి సెకనుకు 60 సార్లు బొమ్మ పంపుతోంది. 25ను 60లో సమంగా పంచలేం, ఒక ఫ్రేము రెండుసార్లు, ఇంకోటి మూడుసార్లు వస్తుంది, ఆ తేడానే కుదుపు. 50కి మారిస్తే లెక్క సరిగ్గా సరిపోతుంది. కోడి సెట్టింగ్స్‌లో ప్లేయర్, వీడియోస్ కింద డిస్‌ప్లే రిఫ్రెష్ రేటు మార్చే ఆప్షన్ మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది. దాన్ని వీడియో మొదలైనప్పుడు, ఆగినప్పుడు మారేలా పెట్టాను. వీడియో మొదలయ్యే ముందు తెర ఒక్క క్షణం నల్లబడుతుంది, అదేం తప్పు కాదు.

ఆ రోజు సాయంత్రం నాయనను పిలిచి చూపించాను. ఆయనకు ఈ ఫ్రేముల లెక్క పట్టదు. కొంచెం ముందుకు వంగి, "మండోదరి ఏసినోని మొకం గుడ కొట్టొచ్చినట్టు కనవడుతుంది గదరా, మునుపు గిట్ల లేకుండె" అన్నాడు. ఆయన పక్కన ఆడినవాళ్లలో ఇప్పుడు లేనివాళ్ల పేర్లు ఒక్కొక్కటే చెప్పుకుంటూ పోయాడు. నేను ఫోన్లో రాసుకున్నాను.

చిన్న చిన్న పనులు త్వరగానే తెమిలాయి. డీటీఎస్ సినిమాల్లో మాటలు లోగొంతులో వస్తున్నాయని అమ్మ అంటే, ఆడియో సెట్టింగ్స్‌లో డౌన్‌మిక్స్ చేసినా (ఆ శబ్దాన్ని టీవీ రెండు స్పీకర్లకు కుదించినా) అసలు వాల్యూమ్ తగ్గకుండా ఉంచే ఆప్షన్ ఆన్ చేశాను. కోడిలో తెలుగు ఫైలు పేర్లు డబ్బాలు డబ్బాలుగా వస్తే పేర్లు ఇంగ్లిష్ అక్షరాల్లోకి మార్చాను, తెలుగు సబ్‌టైటిళ్లున్న సినిమాలు వీఎల్‌సీ అనే ఇంకో ప్లేయర్‌లో చూస్తున్నాం. టీవీలో హెచ్‌డీఎంఐ సీఈసీ ఆన్ చేస్తే రెండు రిమోట్ల అవసరం తప్పింది. ఈ ఏర్పాటుకు సామ్‌సంగ్ ఎనీనెట్ ప్లస్ అని, ఎల్‌జీ సింప్‌లింక్ అని, సోనీ బ్రావియా సింక్ అని పేర్లు పెట్టుకున్నాయి, మెనూలో ఆ పేర్లతోనే వెతకాలి.

ఇక మిగిలింది చిన్నాయన ఇంట్లో ఉన్న మినీ డీవీ క్యాసెట్లు. ఆ రామాయణంలోనే పట్టాభిషేకం రాత్రి వాటిలో ఉందంటున్నారు. వాటిని ఎక్కించడానికి నడిచే పాత క్యామ్‌కార్డర్, ఫైర్‌వైర్ పోర్టున్న కంప్యూటర్ కావాలి, గంట వీడియోకు 13 జీబీ దాకా జాగా పడుతుంది. కంప్యూటర్ బావ దగ్గర దొరికింది. నల్లగొండ, సూర్యాపేట, మిర్యాలగూడ వైపు పాత వీడియోగ్రాఫర్లు ఎవరి దగ్గరైనా క్యాసెట్ తిరిగే మినీ డీవీ కెమెరా ఉంటే చెప్పండి. అద్దె ఎంతైనా ఇచ్చి తెచ్చుకుంటాను.