సీటు ఎత్తు, ఇరుసు కొలత

నెదర్లాండ్స్‌లోని యూట్రెక్ట్‌లో నేను పనిచేసే సైకిల్ షాపుకి వచ్చే మన కుర్రాళ్లు ఎక్కువగా చెప్పేది ఒకటే: "అన్నా, మోకాలు లాగేస్తోంది." చూస్తే సీటు బాగా దించేసి ఉంటుంది. ఆగినప్పుడు రెండు కాళ్లూ నేలకి ఆనకపోతే మనకి భయం. డచ్ వాళ్లు సిగ్నల్ పడగానే సీటు మీంచి ముందుకి జారి నిలబడతారు, పెడల్ తొక్కుతూ మళ్లీ ఎక్కేస్తారు. సీటు ఎత్తు చూసుకోవాల్సింది పెడల్‌ని బట్టి, నేలని బట్టి కాదు.

గోడ పట్టుకుని కూర్చోమంటాను. పెడల్ అట్టడుగున ఉన్నప్పుడు దానిమీద మడమ పెట్టిస్తే కాలు నిటారుగా చాచుకోవాలి. అంతవరకు సీటు లేపుతాను. మామూలుగా పాదం ముందుభాగంతో తొక్కేటప్పుడు మోకాలు కాస్త వంగుతుంది, అది చాలు. మోకాలి ముందు నొప్పి ఉంటే సీటు కిందుందేమోనని చూస్తాను, వెనకైతే మరీ ఎత్తయిందేమోనని. సీటు రాడ్డు మీద ఇంతకంటే పైకి లేపొద్దని ఒక గీత ఉంటుంది, అది దాటి మాత్రం లాగను. ఇక్కడి మగవాళ్ల సగటు ఎత్తు దాదాపు ఆరడుగులు, సెకండ్‌హ్యాండ్‌లో దొరికే ఫ్రేములూ అలాగే ఉంటాయి. సీటు పూర్తిగా దించినా కాలు అందకపోతే సైకిలే మార్చుకోమంటాను. బేరం బాగుందని కొన్నవాళ్లకి ఆ మాట నచ్చదు.

మొన్న ఒక నిజామాబాద్ తమ్ముడు ఆన్‌లైన్‌లో వెనక చక్రం తెప్పించాడు. "సైజు 28 అనే ఉందన్నా!"

"అది రిమ్ము సంగతి. ఇరుసు కొలిచావా?"

ఫ్రేములో వెనక చక్రం కూర్చునే రెండు కాళ్ల మధ్య సందు 135 మిల్లీమీటర్లు, క్విక్ రిలీజ్‌ది, అంటే సన్నటి కడ్డీని చేత్తో మీట తిప్పి బిగించే రకం. చక్రమేమో 142, 12 మిల్లీమీటర్ల త్రూ యాక్సిల్ (ఫ్రేము రంధ్రాల్లోంచి దూర్చి బిగించే లావుపాటి ఇరుసు) దూరేది. మన ఊళ్లో పాత హీరో, అట్లాస్ సైకిళ్లకి ఇంత తంటా లేదు. ఉక్కు ఫ్రేమైతే కొద్ది తేడాకి వంచి సర్దొచ్చు. ఇతనిది అల్యూమినియం, వంచితే విరుగుతుంది. అదృష్టం కొద్దీ ఆ చక్రం హబ్బుకి, అంటే నడిమి గుండుకి, రెండు చివర్ల మూతలు ఊడొచ్చే రకం. 135కి సరిపోయే మూతలు ఆర్డర్ పెట్టాం.

ముందు చక్రం కూడా కొంటానన్నాడు. ఫోర్కు కొలిచి, చీటీ మీద "100, క్విక్ రిలీజ్" అని రాసిచ్చాను. వట్టి 100 అంటే కుదరదు, త్రూ యాక్సిల్ చక్రాల్లోనూ 100 వెడల్పువి ఉన్నాయి.